నాలుగింటికి రావలసిన విమానం

నాలుగూ పది దాటినా విమానం కనపడకపోయేసరికి అతను చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. నిజానికి చేతులకి ఏమీ అంటలేదు. పొద్దున్నే రెండుసార్లు సబ్బుతో రుద్దుకుని, గోళ్ళ సందుల్లో నలుపుని పాత పళ్ళ బ్రష్షుతో తోముకుని, "ఎవరికి పెళ్ళిచూపులు?" అని భార్య నవ్వుతుంటే ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు. అయినా ముప్పై ఏళ్ళుగా చిన్న విమానాల ఇంజన్లు విప్పి బిగించిన చేతులు కదా, పని లేకపోతే వాటంతటవే గుడ్డ కోసం వెతుక్కుంటాయి. షెడ్డు వెనక గోడ చివర నిలబడి, ఆ గుడ్డని నలుపుతూ కొండవైపు చూస్తున్నాడు. కొండ సగమే ఉంది. మూడున్నరకి నిండుగా ఉండేది, నెత్తిమీద టవరుతో సహా. ఇప్పుడు టవరు లేదు, టవరు కింద చెట్ల వరస లేదు. మబ్బు చప్పుడు చెయ్యకుండా మెట్టు మెట్టుగా దిగుతోంది. దాని అవతల నుంచి అక్క రావాలి.

నాలుగింటికి అంది. గురువారం సాయంత్రం ఫోను మోగితే, తెలియని నంబరు కదా అని ఎత్తబుద్ధి కాక, చివరి రింగులో ఎత్తాడు. "ఒరేయ్, నేను" అంది. పన్నెండేళ్ళ తర్వాత ఫోను చేసిన మనిషి అంతకంటే ఇంకేం చెప్పుకోవాలి, ఆ ఒరేయ్ అనే పిలుపు లోకంలో ఒక్క గొంతులోనే అలా ఉంటుంది, మొదట కొంచెం బొంగురు, చివర కొంచెం విసుగు. "ఆదివారం వస్తాను. నాలుగింటికి. నేనే నడుపుకుంటూ వస్తా. రన్‌వే పక్కన గడ్డి కోయించు, మీ వాళ్ళు ఎప్పుడూ కొయ్యరు." అంతే. ఎందుకు వస్తున్నావని అతను అడగలేదు. అడిగితే మానేస్తుందేమో. ఉంటావా అని అడగలేదు. శుక్రవారం, శనివారం తనే మిషను తోసుకుంటూ తిరిగి గడ్డి కోశాడు, ఈ చివర నుంచి ఆ చివరకి, పనివాళ్ళు చూసి ఈయనకేమైందని చెవులు కొరుక్కుంటుంటే. భార్య ముందు గదిలో మంచం జరిపి కొత్త దుప్పటి వేసింది. ఆవిడకి అక్కంటే ఫొటోలో మనిషే. పెళ్ళికి కూడా రాలేదు అక్క. పెళ్ళికి రాని ఆడబడుచు మీద కోపం పెట్టుకోవడానికి పదేళ్ళు సరిపోలేదు కాబోలు, దిండు కవర్లు ఇస్త్రీ చేసి మరీ తొడిగింది.

మేడమీద రేడియో గది కిటికీ తెరుచుకుని పెద్దాయన తల బయటపెట్టాడు. ఈ చిన్న విమానాశ్రయంలో అతనికంటే ముందునుంచీ ఉన్నవాడు ఆయనొక్కడే. తల బయటపెట్టి, అడ్డంగా ఊపి, మళ్ళీ లోపలికి తీసుకున్నాడు. మూడూ నలభై ఎనిమిదికి ఆ గదిలోనే, ఆయన కుర్చీ వెనక నిలబడి, అతను అక్క గొంతు విన్నాడు. రేడియోలో అందరి గొంతులూ రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటాయి, అయినా అక్కే. "ఇరవై నిమిషాల్లో మీ దగ్గరుంటాను" అని చెప్పింది, తన విమానం నంబరు చెప్పింది, ఎత్తు చెప్పింది, తమ్ముడున్నాడా అని అడగలేదు. పెద్దాయన మైకు అతనివైపు తిప్పి, మాట్లాడతావా అన్నట్టు కళ్ళెగరేస్తే, వద్దని చెయ్యి ఊపాడు. ఇరవై నిమిషాల్లో వచ్చే మనిషితో రేడియోలో ఏం మాట్లాడతాం అనుకున్నాడు. ఇప్పుడు ఆ చెయ్యిని చూసుకుంటున్నాడు. ఒక్క మాట, అక్కా అని ఒక్క మాట అనుంటే పోయేదేముంది. ఆ తర్వాత ఆమె కొండ అవతలికి, తక్కువ ఎత్తుకి దిగి ఉండాలి, అక్కడ రేడియో అందదు, అది అందరికీ తెలిసిందే. అందకపోవడం అంటే ఏదో అయిందని కాదు. అదీ అందరికీ తెలిసిందే.

ఒంటిగంటా పదికి బయల్దేరింది. సముద్రం ఒడ్డున, తను విమానం నడపడం నేర్పే బడి దగ్గర్నుంచి. రెండు రెక్కల్లోనూ ట్యాంకులు నిండుగా ఉంటే నాలుగు గంటలు. అంటే ఐదూ పది. ఐదూ పది దాకా ఆమె ఎక్కడో ఒకచోట గాలిలో ఉండగలదు. నిండుగా ఉంటే. ఈ ఒక్క మాటలోనే ఎంతమంది పోయారు. పళ్ళ డాక్టరు గుర్తొచ్చాడు, గేజీ ముల్లు సగం చూపిస్తోంది కదా అని ట్యాంకు మూత విప్పి చూడకుండా ఎగిరి, ఊరు కనపడుతుండగా ఇంజను ఆగిపోయి, బంగాళాదుంపల చేలో దిగినవాడు. అదృష్టం బాగుండి తన పళ్ళే రెండు ఊడాయి, వాటిని తనే కట్టుకున్నానని అందరికీ చూపించేవాడు. అక్క అలా కాదు. అక్క ముల్లుని నమ్మదు. కర్ర పుల్ల ట్యాంకులో ముంచి, తీసి, తడి ఎక్కడిదాకా వచ్చిందో గోరుతో గీత పెట్టి చూసుకుంటుంది. ఆ పుల్ల ముంచడం ఆమెకి నేర్పింది అతనే. ఈ షెడ్డు ముందే, నిచ్చెన మీద నిలబెట్టి. "ఇదేమన్నా పాలగిన్నెట్రా, మాటిమాటికీ తొంగి చూడ్డానికి" అని ఆమె నవ్వితే, "పొంగినా పర్లేదక్కా, అడుగంటకుండా చూస్కో" అన్నాడు.

పాలగిన్నె ఏంటి, ఆమె అసలు ఈ చోటుకి వచ్చింది అన్నం డబ్బాతో. అమ్మ పోయాక తనకంటే ఆరేళ్ళు పెద్దదైన అక్కే అతన్ని పెంచింది. అతను ఇక్కడ పనికి కుదిరిన కొత్తలో, పొద్దున డబ్బా మర్చిపోయి వెళ్ళినప్పుడల్లా సైకిలు తొక్కుకుంటూ వచ్చి, కంచె అవతల నిలబడి, వేలితో తీగని టంగుమనిపించేది. అతను మర్చిపోవడం మానేశాక కూడా డబ్బా ఇంట్లోనే ఉండిపోయేది. రెండు నెలలకి గానీ అర్థం కాలేదు, అక్కే దాన్ని తలుపు వెనక దాచేస్తోందని. అప్పటికే బావ కంచె దగ్గర నిలబడి ఆమెతో మాట్లాడుతున్నాడు. అప్పటికి ఇంకా బావ కాదు, సెకండ్‌హ్యాండులో కొన్న నాలుగు సీట్ల విమానంతో మందులూ ఉత్తరాలూ మోసే పైలటు, అంతే. భారీ మనిషి, ఆ సీట్లో ఎలా పడతాడా అనిపించేది. నవ్వితే షెడ్డు రేకులు మోగేవి. సాయంత్రం పని అయ్యాక అతను పనిముట్లన్నీ గుడ్డమీద పరిచి లెక్కపెట్టుకోవడం చూసి బావే స్పానరని పేరు పెట్టాడు. "మీ తమ్ముడు రాత్రి నిద్రలో కూడా స్పానర్లు లెక్కపెడతాడా?" అని అక్కని అడిగాడట. లెక్కపెట్టక ఏం చేస్తాడు, ఒక్క స్పానరు ఇంజనులో మర్చిపోతే చాలు, ఒక్క గుడ్డ ముక్క, ఒక్క నట్టు బిగించడం అయిందనుకుని వదిలేస్తే చాలు. తన చేతుల్లోంచి వెళ్ళిన ఏ విమానమూ తన తప్పు వల్ల పడలేదు. ముప్పై ఏళ్ళలో ఒక్కటీ పడలేదు. ఈ మాట అతను చాలామందికి చెప్పుకున్నాడు, చెప్పుకున్న ప్రతిసారీ గుడ్డ తీసి చేతులు తుడుచుకునేవాడు.

నాలుగూ ఇరవై ఐదు. గాలి లేదు. చెమట పడుతోంది, కానీ ఎండ వల్ల కాదు, గాలిలో తడి. ఇలాంటి రోజే ఇంజనుకి జలుబు చేసేది. చలి ఉండక్కర్లేదు, తడి ఉంటే చాలు, కార్బురేటరు గొంతులో మంచు పేరుకుంటుంది, లోపలికి గాలి ఆడదు, ఇంజను ముందు చిన్నగా దగ్గుతుంది, ఎవరూ పట్టించుకోరు, తర్వాత ఊపిరాగుతుంది. ఓ మీట లాగితే వేడిగాలి వచ్చి మంచు కరిగిపోతుంది. లాగాలని గుర్తుండాలి అంతే. అక్క లాగుతుంది. పిల్లలకి పాఠం చెప్పే మనిషి లాగదా. పొద్దున ట్యాంకు అడుగునుంచి గాజు గ్లాసులోకి కాస్త పెట్రోలు పట్టి, ఎత్తి వెలుతురులో చూసి ఉంటుంది, కింద నీటిచుక్క ఉందేమోనని. ఒక్కతే వస్తోంది, బరువు లేదు. కలప వ్యాపారిలా మిట్టమధ్యాహ్నం ముగ్గురు బావమరుదుల్ని, ఇనప్పెట్టెనీ ఎక్కించుకుని, వేడికి పలచబడిన గాలిలో విమానం లేవక, కంచె తీగలు చక్రాలకి చుట్టుకుని, అందరూ బతికి, ఆ తర్వాత ఒకరి మొహాలు ఒకరు చూసుకోకపోవడం, అలాంటిదేమీ లేదు. అన్నీ లెక్కవేసుకున్నాడు. ఒక్కొక్కటీ పక్కన పెట్టాడు, పనయ్యాక స్పానర్లు పెట్టినట్టు. పక్కన పెట్టడానికి వీల్లేనిది ఒక్కటే మిగిలింది, అది ఎదురుగా కొండమీద ఉంది.

మబ్బు. దూరం నుంచి ఏమీ ఉండదు, దూదిలా ఉంటుంది. అందులోకి వెళ్ళిన మనిషికి పైకీ కిందకీ తేడా తెలియదు. విమానం ఓ పక్కకి ఒరిగిపోతున్నా నిటారుగానే ఉన్నానని ఒళ్ళు చెబుతుంది, చెవిలో ఉన్నదేదో అబద్ధం చెబుతుంది, ముందున్న గేజీల ముళ్ళు నిజం చెబుతుంటే వాటిని నమ్మడానికి చాలా సాధన కావాలి. సాధన లేనివాడు బతికేది రెండు మూడు నిమిషాలు. ఈ లెక్క అతనికి విచారణ అధికారి చెప్పాడు, కళ్ళజోడు తుడుచుకుంటూ, చాలా మెత్తగా. పన్నెండేళ్ళ కిందట, బావ విమానం కొండమీద కూలాక, కింద ఆఫీసు గదిలో బల్ల వేసి, అటు ఇద్దరు, ఇటు అతను, గోడవారగా కుర్చీలో అక్క. అక్క ఆ రోజు బూడిదరంగు శాలువా కప్పుకుంది. నెల దాటినా ఇంకా దగ్గుతూనే ఉంది.

"మీ బావగారు ఎలాంటి పైలటండీ?" అని అడిగాడు అధికారి.

మంచి పైలటని చెప్పాడు. తర్వాత నిజం కూడా చెప్పాడు. తొందర మనిషి అని చెప్పాడు. వాతావరణం కాస్త అటూ ఇటుగా ఉన్నా ఆగేవాడు కాదని, పది నిమిషాల దారేగా అనేవాడని, అంతకుముందు రెండుసార్లు మబ్బు కింద నుంచి కొండ ఆనుకుని వచ్చాడని, తను తిట్టాడని. అవన్నీ జరిగినవే. ఇంజను మీద అనుమానం ఉందా అంటే లేదన్నాడు, రిజిస్టరు చూపించాడు. వాళ్ళు రాసుకున్నారు. నివేదికలో ఒక్క వాక్యం అయింది: ఇంటికి చేరాలన్న తొందరలో చోదకుడు మబ్బులోకి ప్రవేశించడం. చదివినవాళ్ళంతా అవును పాపం అన్నారు. అలా రాసిన నివేదికలు ప్రపంచంలో ఎన్నో ఉంటాయట, చిన్న విమానాల్లో పోయేవాళ్ళు ఎక్కువమంది ఇలాగే పోతారని అధికారే చెప్పాడు, ఇంజను చెడి పోయేవాళ్ళు తక్కువేనని. ఓదార్పుగా చెప్పాననుకున్నాడు కాబోలు. బయటికొచ్చాక, వరండాలో, అక్క అతని చొక్కా మోచెయ్యి దగ్గర పట్టుకుంది. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు. "ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా నువ్వు?" అంది. అతను లేదన్నాడు. ఆమె చెయ్యి వదిలేసింది. వదిలేసి, మెట్లు దిగి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. నెలలోపు ఇల్లు ఖాళీ చేసింది. పోయిన మనిషి మీద నిందలేసి తన రిజిస్టరు కాపాడుకున్నాడని అసహ్యించుకుందని అతను అనుకున్నాడు. అలా అనుకోవడం అతనికి కొంచెం తేలిక కూడా. ఎందుకంటే చెప్పాల్సింది ఉంది.

ఉంది. ఆ రోజు మధ్యాహ్నం అతను వకీలుగారి విమానం కింద వెల్లకిలా పడుకుని ఆయిలు మారుస్తున్నాడు. ఫోను మోగింది. చేతులకి ఆయిలు, ఫోనుని భుజానికీ చెవికీ మధ్య ఇరికించాడు. కొండ అవతలి ఊరి నుంచి బావ. "ఏరా స్పానరూ, మనవైపు ఎలా ఉంది?" అన్నాడు. పడుకున్నచోటు నుంచే తల తిప్పి షెడ్డు తలుపులోంచి చూశాడు. నీలంగా, ఉతికి ఆరేసినట్టున్న ఆకాశం. "బాగానే ఉంది బావా, వచ్చెయ్" అన్నాడు. ఆ తలుపు కొండవైపు కాదు. కొండ ఉన్నది షెడ్డు వెనకవైపు. లేచి, షెడ్డు దాటి, ఇదిగో ఇప్పుడు నిలబడిన ఈ గోడ చివరికి రావాలి కొండని చూడాలంటే. పది అడుగులు. చేతులకి ఆయిలుంది, కింద డబ్బా నిండుతోంది, లేస్తే పొర్లుతుంది. లేవలేదు. ఆ పది అడుగులూ ఈ పన్నెండేళ్ళలో ఎన్ని వేలసార్లు నడిచాడో. అన్నం తింటూ నడిచాడు, పెళ్ళిపీటల మీద కూర్చుని నడిచాడు. ప్రతిసారీ గోడ చివరికి వచ్చేసరికి కొండమీద మబ్బు కనిపిస్తుంది, బావా రాకు, అక్కడే ఉండిపో అంటాడు, బావ సరేలేరా అంటాడు, సాయంత్రం బస్సు దిగి వస్తాడు, షెడ్డు రేకులు మోగేలా నవ్వుతాడు. ఆ తర్వాత ఏదో ఒకటి అడ్డం వస్తుంది, చెంచా కిందపడుతుంది, ఎవరో పిలుస్తారు, మళ్ళీ అతను విమానం కింద వెల్లకిలా ఉంటాడు. బాగానే ఉంది బావా వచ్చెయ్. తొందర మనిషేనా. తొందర మనిషైతే అడగడానికి ఫోనెందుకు చేస్తాడు. ఆ రోజు బావ తొందరపడలేదు. ఆ రోజు అడిగాడు.

నాలుగూ నలభైకి పెద్దాయన మెట్లు దిగి వచ్చాడు. మోకాళ్ళ నొప్పులు, ఎప్పుడూ దిగడు. "పైవాళ్ళకి కబురు చెప్పాను. చుట్టుపక్కల నాలుగు చోట్లకీ ఫోను చేశా. ఎక్కడా దిగలేదంటున్నారు" అన్నాడు. తర్వాత, "దిగి ఉంటుందిలే. ఎక్కడో ఒకచోట. ఆ పిల్ల తెలివైంది" అన్నాడు. ఆ పిల్లకి యాభై ఎనిమిదేళ్ళు. పెద్దాయన ఓ నిమిషం పక్కనే నిలబడి, తనకి తోచినంతలో అతని భుజం మీద రెండుసార్లు తట్టి, మళ్ళీ ఒక్కో మెట్టూ పట్టుకుని ఎక్కాడు. అతను కదల్లేదు. వెతకడానికి మనుషులు బయల్దేరతారు. మబ్బు విడిచేదాకా వాళ్ళూ ఏమీ చెయ్యలేరు. కిందటిసారి మర్నాటి పొద్దున్న దాకా విడవలేదు.

అక్కా, తిప్పెయ్. లోపల్లోపల అంటున్నాడు. నేను ఉన్నానని రాకు. గడ్డి కోశాననీ, మంచం వేశాననీ, పన్నెండేళ్ళయిందనీ ఏదీ అనుకోకు, తిప్పెయ్. ఇదే నోటితో మూడు రోజులుగా రావాలి రావాలి అనుకున్నాడు. గురువారం నుంచి ప్రతి చప్పుడికీ తల ఎత్తాడు. ఆమె విమానం దిగుతుంటే ఎలా ఉంటుందో చూసుకున్నాడు, కాలు ముందు రెక్కకింది మెట్టుమీద పెడుతుంది, మొహం చిట్లించి ఈ షెడ్డుని చూస్తుంది, జుట్టు తెల్లబడి ఉంటుంది, ఒరేయ్ బాగా లావయ్యావు అంటుంది. తను చెప్పాల్సింది చెప్పేస్తాడు. మొదటి గంటలోనే, మంచినీళ్ళు ఇవ్వకముందే. చెప్పాక ఆమె అదే విమానమెక్కి వెళ్ళిపోయినా సరే. ఇప్పుడు ఆ సరే కూడా అక్కర్లేదనిపిస్తోంది. వినకపోయినా పర్లేదు, రాకపోయినా పర్లేదు, ఇంకో పన్నెండేళ్ళు మాట్లాడకపోయినా పర్లేదు, ఎక్కడో సముద్రం ఒడ్డున, ఎవరో కుర్రకారుని కసురుకుంటూ, పుల్ల ముంచి గోరుతో గీత చూసుకుంటూ ఉంటే చాలు. ఉందని తెలిస్తే చాలు. మనిషి మీద బెంగ ఇంతటిదని అతనికి ఇంతకుముందు తెలియదు, ఎదురుగా నిలబడాలన్న ఆశని కూడా వదులుకోవడానికి సిద్ధపడుతుందని.

ఐదు అయింది. ఐదూ రెండు. కొండ మొత్తం పోయింది, రన్‌వే అవతలి చివరి దీపం కూడా మసకబారింది. చెవులు రిక్కించాడు. ఇంజను చప్పుడు లాంటిది వినిపించింది, రోడ్డుమీద ట్రాక్టరు. ఐదూ ఐదు. పైన కిటికీ లోపల ఫోను మోగింది, రేడియో కాదు, గోడకున్న పాత ఫోను. ఒకసారి, రెండుసార్లు. ఆగిపోయింది. పెద్దాయన కిటికీలోంచి తల బయటపెట్టలేదు, చెయ్యి మాత్రం పెట్టి రమ్మని ఊపాడు. మెట్లు ఎలా ఎక్కాడో తెలియదు. గదిలో పెద్దాయన రిసీవరు అతని చేతికిచ్చి, "మీ అక్కే" అని, చెప్పుల్లో కాళ్ళు సరిగ్గా దూరకుండానే బయటికెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

"ఒరేయ్."

అతను రిసీవరు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"దిగానురా. బాగానే ఉన్నా. కొండకి ఇవతలే, నేనొచ్చిన వైపే, పొలాలకి మందు చల్లే విమానం వాళ్ళది గడ్డి రన్‌వే ఒకటి ఉంది, అక్కడ దిగా. నా ఫోనుకి ఇక్కడ సిగ్నల్ లేదు. విమానం తాళ్ళతో కట్టేసి ఇల్లు వెతుక్కుంటూ నడిచేసరికి ఇంతసేపైంది. మొదటి ఇంటికి తాళం. రెండో ఇంట్లో కుక్క." ఊపిరి తీసుకుంది. "కంగారుపడ్డావా?"

"లేదు" అన్నాడు.

వెనకాల ఎవరిదో ఇల్లు, గిన్నెల చప్పుడు. "మబ్బు కింద కొంచెం సందు ఉందిరా" అంది. "దూరిపోవచ్చు అనిపించింది. పది నిమిషాల దారి. అవతల నువ్వు నిలబడి ఉంటావని తెలుసు. పిల్లలకి రోజూ చెప్తాను, సందు కనపడితే అదే గొయ్యి అని. చెప్పే నేనే ముందుకి పోనిచ్చాను, ఓ నిమిషం పోనిచ్చాను. చెయ్యి తిప్పనంటుంది. అది తొందర కాదురా. తొందరని రాశారు గానీ. అంత దగ్గరికొచ్చాక ఇంట్లోవాళ్ళు కనపడతారురా కళ్ళకి. ఎలా తిప్పుతాం." ఆగింది. "తిప్పాను. తిప్పాక ఏడుపొచ్చింది. ఆయన మీద పన్నెండేళ్ళ కోపం ఉండేది నాకు."

అతను గోడకి ఆనుకున్నాడు. ఇప్పుడు కాకపోతే మళ్ళీ ఎప్పుడూ చెప్పడు. ఎదురుగా మొహం చూస్తే అసలే చెప్పలేడు. "అక్కా, ఆ రోజు బావ నాకు ఫోను చేశాడు" అన్నాడు. "ఇక్కడెలా ఉందని అడిగాడు. పడుకుని ఉన్నా, లేవలేదు. కొండ చూడలేదు. బాగానే ఉంది వచ్చెయ్ అన్నా. వాళ్ళకి చెప్పలేదు. నీకూ చెప్పలేదు." మొత్తం ఇంతే. పన్నెండేళ్ళు మోసినది ఇంత చిన్నగా ఉంటుందని అనుకోలేదు.

"తెలుసు" అంది అక్క.

అతను గోడ నుంచి వీపు తీసి నిటారుగా నిలబడ్డాడు.

"ఆ నెల ఆయన ఫోను బిల్లు కాగితం ఇంటికొచ్చింది. ఆఖరి కాల్ నీకే. నిమిషం యాభై సెకన్లు. ఆ కాగితం పర్సులో పెట్టుకునే వచ్చాను విచారణకి. వాళ్ళకి చూపించలేదు. నువ్వు చెప్తావని కూర్చున్నా. చెప్పలేదు. బయటికొచ్చాక అడిగాను. లేదన్నావు." ఆమె గొంతులో తిట్టు లేదు. "చెప్తావని చూశానురా. ఈ ఏడాది చెప్తాడు, పైఏడాది చెప్తాడు అని చూశా. ఇంక నాకు వయసైపోతోంది, నేనే వెళ్ళి అడుగుదామని బయల్దేరా."

"నా మీద అసహ్యంతో వెళ్ళిపోయావనుకున్నా."

"కోపం ఉంది. ఉండకుండా ఎలా ఉంటుంది. కానీ అందుకు కాదు." గిన్నెల చప్పుడు ఆగిపోయింది, ఆ ఇంట్లోవాళ్ళు కూడా వింటున్నారేమో. "ఎక్కడున్నా బయల్దేరేముందు నాకు ఫోను చేసేవాడు. బయల్దేరుతున్నా అని, ఆ ఒక్క మాట. పెళ్ళయినప్పటి నుంచీ. ఆ రోజు నాకు చెయ్యలేదు. నీకు చేశాడు. పొద్దున చిన్న మాట అనుకున్నాం, నా జలుబు గురించే, డాక్టరు దగ్గరికి పోనన్నానని విసుక్కుని వెళ్ళాడు. ఆ విసుగుతోనే పోయాడా, నాతో మాట్లాడబుద్ధి కాక నీకు చేశాడా, అది తెలియక చచ్చిపోతున్నాను నేను. బాగానే ఉంది వచ్చెయ్ అనడానికి ఎంతసేపు పడుతుందిరా. పది సెకన్లు. మిగతాదంతా ఏం మాట్లాడాడు?"

మిగతాది. అతను కళ్ళు మూసుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఆ ఫోనులో అతనికి వినపడింది తన గొంతే. ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయి, మళ్ళీ మొదటికొచ్చి, మళ్ళీ అక్కడే ఆగిపోయేవాడు. వచ్చెయ్ అన్న తర్వాత ఏముందో ఎప్పుడూ వెళ్ళి చూడలేదు. ఇప్పుడు వెళ్ళాడు. వెల్లకిలా ఉన్నాడు, ఆయిలు ధార సన్నబడుతోంది, మెడ నొప్పెడుతోంది, ఫోను జారిపోతోంది, ఇంక పెట్టెయ్యి బావా అనుకుంటున్నాడు, బావ మాత్రం పెట్టకుండా నవ్వుతూ ఏదో చెప్తున్నాడు.

"నీకు చెప్పొద్దన్నాడు" అన్నాడు మెల్లగా. "బయల్దేరానని మీ అక్కకి చెప్పకు అన్నాడు. నేనూ ఫోను చెయ్యట్లేదు, చేస్తే ఆ జలుబుతో వచ్చి రన్‌వే పక్కన గాలిలో నిలబడుతుంది, చక్రాలు నేలకి తగిలేదాకా లోపలికి పోదు, చెప్తే వినే మనిషా అన్నాడు. దిగాక తనే ఇంటికెళ్ళి తలుపు కొడతానన్నాడు. ఎవరో అనుకుని విసుక్కుంటూ వచ్చి తీస్తుంది చూడు, ఆ విసుగు మొహం చూడాలిరా నాకు, పొద్దున్నించీ అదే చూడాలనిపిస్తోంది అన్నాడు."

లైను తెగిందేమోనని అతను రిసీవరు చెవికి గట్టిగా అదుముకున్నాడు. తర్వాత ఊపిరి వినపడింది, ముక్కు చీదిన చప్పుడు వినపడింది.

"మళ్ళీ చెప్పు" అంది అక్క.

అతను మళ్ళీ చెప్పాడు. ఈసారి బావ ఎక్కడ నవ్వాడో కూడా గుర్తొచ్చింది, అది కూడా చెప్పాడు. ఆమె ఇంకోసారి అడిగింది. అతను కుర్చీ లాక్కుని కూర్చుని, తొందరపడకుండా, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.